గరాజ్‌లోని తొమ్మిది బొమ్మలు

సుధామయి కెనడాలోని సస్కటూన్‌లో విత్తనాలు పరీక్షించే ల్యాబ్‌లో పని చేసేది. పొద్దున ఏడు నుంచి మూడు దాకా భూతద్దం కింద ఆవాల్లాంటి కనోలా గింజల్లో కలుపు గింజలు ఏరడం. ఆ తర్వాత బస్సెక్కి బేస్‌మెంట్ గదికి చేరి, ఇంటివాళ్ల గరాజ్‌లో హీటరు పెట్టుకుని బొమ్మలు వేయడం. నలభై మూడేళ్లు వచ్చాయి, పెళ్లి చేసుకోలేదు. నాలుగేళ్లుగా తనతో పని చేసే ఆడవాళ్ల చేతులే వేస్తోంది. తొమ్మిది పెద్ద కాన్వాసులు. ఫిబ్రవరిలో వాటికో గోడ ఇస్తామని ఊళ్లోని చిన్న గ్యాలరీ ఒకటి ఒప్పుకుంది.

జనవరిలో ఇంటావిడ భ్రమరాంబ మెట్లు దిగి వచ్చింది.

“ఈ చలికి బయట పెడితే కారు స్టార్ట్ అవట్లేదమ్మా. ఆదివారంకల్లా గరాజ్ ఖాళీ చేసెయ్.”

“మూడు వారాలు ఆగండి ఆంటీ. ఎగ్జిబిషన్ అవగానే నేనే తీసేస్తా.”

“ఇంకెన్నాళ్లమ్మా ఈ బొమ్మలు? నీ వయసుకి మా చెల్లెలికి ఎదిగిన పిల్లలున్నారు.”

సుధామయి బొమ్మలు పెట్టుకునే చోటు కోసం తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేసింది. ఒకరిది ఇరుకు అపార్ట్‌మెంట్, ఒకరింట్లో చుట్టాలు. స్నేహితురాలు కావ్యశ్రీ “మా ఆయన్ని అడిగి చెప్తా అక్కా” అంది, మళ్లీ ఫోన్ ఎత్తలేదు.

ఆదివారం మైనస్ ముప్పై నాలుగు డిగ్రీల చలి. గరాజ్‌లో హీటరు అప్పటికే తీసేశారు. బేస్‌మెంట్ మెట్ల మలుపులో ఫ్రేములు పట్టలేదు. వాకిట్లో భ్రమరాంబ భర్త కారు ఆన్ చేసి ఎదురుచూస్తున్నాడు. చలికి బిగుసుకున్న అక్రిలిక్ రంగును వంచితే పగులుతుందని ఆమెకు తెలుసు. తెలిసీ మేకులు ఊడదీసి మొదటి కాన్వాసు చుట్టింది. అప్పడం విరిగినట్టు చప్పుడైంది. అయినా ఆగలేదు. ఒకటి పోయాక మిగతావెందుకన్న మొండితనమో, వేళ్లతో పాటు బుర్రా మొద్దుబారిందో, తొమ్మిదీ చుట్టేసింది.

గదిలో విప్పితే రంగు పెచ్చులు పెచ్చులుగా దుప్పటి మీద రాలింది.

గ్యాలరీకి జరిగింది మెయిల్ చేసింది. మర్నాడు ల్యాబ్‌లో ఉండగా జవాబొచ్చింది: అర్థమైంది, గోడ వేరేవాళ్లకి ఇస్తున్నాం.

“నా చేతులు ఎప్పుడు చూపిస్తావ్? అమ్మని కూడా తీసుకొస్తా,” అంది పక్క బల్ల దగ్గరి ధాత్రి. మొదటి బొమ్మ ఆమెదే.

“రావద్దు ధాత్రీ.”

సుధామయి లేచి బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పి, నోటికి స్కార్ఫ్ అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

సాయంత్రం ధాత్రి చేతుల బొమ్మను మంచం మీద పరిచి, సన్న కుంచెతో ఒక పగులు పూడ్చబోయింది. రంగు కలవలేదు, అతుకు అతుకుగానే కనబడింది. తుడిచేసి మళ్లీ కలిపింది. ఆ వారమంతా మంచం ఖాళీ చేయలేక నేల మీదే పడుకుంది.