ఎర్రిస్వామన్న తాగిన చెంబెడు నీళ్ళు

నిన్న పొద్దున డయాలసిస్‌కి వెళ్ళే కారు మా ఇంటి ముందు ఆగింది. ఎర్రిస్వామన్న కూర్చునే ముందు సీటు ఖాళీగా ఉంది.

"అన్న యాడ?" అని అడిగాను.

డ్రైవర్ బాషా నా వైపు చూడలేదు. "అన్న ల్యాడు టీచరమ్మా. తెల్లారుజామున నిద్రలోనే పోయినాడంట" అన్నాడు.

మొన్ననే పక్క బెడ్ మీద పడుకుని నన్ను ఆటపట్టించిన మనిషి.

అయినా కారెక్కాను. మాకు వేరే దారి లేదు. ఎవరు పోయినా మా రక్తం మెషిన్‌లోకి వెళ్ళి రావాల్సిందే. షిఫ్ట్ అయ్యాక అక్కడి నుంచే నేరుగా ఆయన ఊరికి వెళ్ళాం.

నా ఫ్రెండ్స్‌లో చాలామందికి ఎర్రిస్వామన్న తెలియదు. అందుకే రాస్తున్నాను.

ఉరవకొండ దగ్గర పల్లె ఆయనది. చెనిక్కాయలు, అదే వేరుశనగ, పండించే రైతు. కిడ్నీలు పాడయ్యాక నాలాగే రోజు మార్చి రోజు అనంతపురం వచ్చేవాడు. ఊళ్ళో ఎవరైనా "యాడికి పోతాండావప్పా?" అంటే "డ్యూటీకి" అనేవాడు. జబ్బు అనే మాట ఆయన నోట నేను వినలేదు.

కారులో మా అందరికీ అదే అలవాటైంది. ఇప్పుడు మా ఆయన కూడా "రేపు నీకు డ్యూటీ కదా" అంటాడు. నవ్వుకుంటే నవ్వుకోండి. పేషెంట్ అనిపించుకోవడం కంటే అది చాలా నయం.

మేము చెనిక్కాయలు తినకూడదు. ఆయన వేయించి జేబులో పోసుకొచ్చి, బాషాకీ నర్సులకీ ఒలిచి ఇచ్చేవాడు. వాళ్ళు నములుతుంటే పక్కనే నిలబడి "బాగా యేగినాయా?" అని అడిగేవాడు. బాగున్నాయంటే చాలు, తనే తిన్నంత సంబరం.

అన్నిటికంటే కష్టం నీళ్ళు.

ఎక్కువ తాగితే ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అందుకే కొలిచి తాగాలి. మన అనంతపురం ఎండల్లో! నేను బాటిల్ మీద పెన్నుతో గీతలు గీసుకుని, గీత దిగినప్పుడల్లా ఏడ్చేదాన్ని. ఆయన చిన్న ఐస్ ముక్క బుగ్గన పెట్టుకుని కిటికీలోంచి చేలు చూసేవాడు.

"మా చేనికి గూడా ఇంతే కదా టీచరమ్మా దొరికేది. అది పండ్లేదా?" అనేవాడు.

ఆయనకి నిజమైన బాధ ఒక్కటే ఉండేది. వాళ్ళన్న తిప్పేస్వామి.

ఇద్దరి చేన్ల గట్టు పక్కన అన్న బోరు వేయించాడు. కొన్నాళ్ళకే తమ్ముడి బోరు ఎండిపోయింది. పెద్ద గొడవైంది. "నీ ఇంట్లో గుక్కెడు నీళ్ళు ముట్టను" అని పదిమందిలో అనేసి వచ్చాడట ఈయన. మన వైపు ఆ మాట అన్నాక ఇక చావుకీ పెళ్ళికీ కూడా రాకపోకలు ఉండవు. మీకు తెలుసు కదా.

పోయిన ఎండాకాలం ఒకరోజు, డ్యూటీ నుంచి తిరిగి వస్తుంటే, అన్న ఉండే పక్క ఊరి దగ్గర కారు ఆపించాడు.

"నేను పోతే నా మొగం చూసేకి మా అన్న రావల్ల. ఆ మాట అనింది నేను. నేనే పోయి తీసేయల్ల" అన్నాడు. తోడుగా నన్నూ రమ్మన్నాడు.

తిప్పేస్వామన్న అరుగు మీదున్నాడు. తమ్ముణ్ణి చూసి లేచాడు. లోపలికి వెళ్ళి పెద్ద కంచు చెంబు నిండా నీళ్ళు తెచ్చి, రెండు చేతులతో ఇచ్చాడు.

తమ్ముడికి కిడ్నీల జబ్బని ఆయన విన్నాడు గానీ, నీళ్ళ సంగతి ఆయనకేం తెలుసు?

నేను చొక్కా పట్టుకుని లాగాను. కళ్ళతో వద్దన్నాను. ఎర్రిస్వామన్న చెంబెత్తి చివరి చుక్క దాకా తాగేశాడు. అన్నదమ్ములిద్దరూ గోడకి చేరబడి చిన్నపిల్లల్లా ఏడ్చారు.

మర్నాడే ఆయాసం. ఎమర్జెన్సీలో వేశారు. నర్సు గట్టిగా తిట్టింది.

"ఇచ్చింది మా అన్న గదమ్మా. సగం తాగి యెట్ల పెట్టేది?" అన్నాడట ఆక్సిజన్ మాస్క్ తీసి మరీ. ఆ మాట విన్నాక నేనూ తిట్టాను. ఇప్పటికీ కోపమే. కానీ ఆయన స్థానంలో ఉంటే నేనేం చేసేదాన్నో చెప్పలేను.

సంగతి తెలిసి తిప్పేస్వామన్న ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చాడు. ఆ తర్వాత నుంచి మా కారు తిరిగొచ్చే వేళకి రోడ్డు మీద నిలబడి ఉండేవాడు. చేతిలో ఉగ్గుగిన్నె. పసిపిల్లలకి పాలు పట్టే ముక్కుగిన్నె లేదూ, అదే. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఇద్దరికీ దాంతోనే పట్టిందట.

అందులో పట్టినన్ని నీళ్ళే ఇచ్చేవాడు. తమ్ముడు దాన్ని మెల్లగా, ఆగి ఆగి తాగేవాడు. బాషా హారన్ కొట్టినా ఇద్దరికీ వినపడేది కాదు.

నిన్న మేము వెళ్ళేసరికి చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి ఆయన నోట్లో తులసినీళ్ళు పోస్తున్నారు. తలా ఒక చెంచా.

చివర్లో తిప్పేస్వామన్న వచ్చాడు. చేతిలో ఉగ్గుగిన్నె లేదు. ఆ పెద్ద కంచు చెంబే ఉంది, నిండా నీళ్ళతో.

తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని పోయడం మొదలుపెట్టాడు. నీళ్ళు గడ్డం మీదికి, మెడ మీదికి కారి, కొత్త పంచె తడిసిపోతోంది. ఎవరో "చాల్లేన్నా" అన్నారు.

"పొయ్యనీప్పా. వానికింగ కొలతేమి?" అన్నాడు. చెంబు ఖాళీ అయ్యేదాకా ఆపలేదు.

రేపు మాకు డ్యూటీ. ముందు సీట్లో ఎవరు కూర్చోవాలో తెలియడం లేదు.

పోయిరా ఎర్రిస్వామన్నా. నీ డ్యూటీ అయిపోయింది. దప్పిక లేని చోట చల్లగా, ప్రశాంతంగా పడుకో.