ఎడమ వెనక చక్రం

పొద్దున్నే దేవుడి దగ్గర దీపం వెలిగించిన చెయ్యండీ ఇది. ఈ చేత్తోనే రాస్తున్నాను. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అదేమిటో మీరే చెప్పండి. నాకైతే ఇప్పటికీ తెలియదు.

మాది తాడేపల్లిగూడెం. మా వారికి బజారులో కిరాణా కొట్టు. మాకు ఇద్దరు ఆడపిల్లలు. నా పుట్టిల్లు కలిదిండి. అక్కడ మా తమ్ముడు శీను రొయ్యల చెరువులు చేస్తాడు. మా అమ్మ పోయేనాటికి వాడు చంక దిగని పిల్లాడు. నేనే అన్నం కలిపి పెట్టాను, నేనే బడికి తీసుకెళ్ళాను. నా చదువు ఆగిపోయిందీ అందుకే. వాడు నాకు పెద్దకొడుకు కిందే లెక్క.

కిందటేడు కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. ఆడపడుచుకి చీర పెట్టడం మామూలే కదా. వాడు పళ్లెంలో చీర, పసుపు, కుంకుమ, వాటి మీద తన పాత కారు తాళాలు పెట్టి నా చేతికిచ్చాడు. వచ్చినవాళ్ళందరూ ముక్కున వేలేసుకున్నారు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చింది వద్దనకూడదు, వెనక్కివ్వకూడదు, అమ్ముకోనూ కూడదు. మా వైపు అదొక పట్టింపు.

తాళాలిస్తూ ఒక్కటే చెప్పాడు. ఏలూరు రోడ్డు బాగోలేదు, ఎప్పుడొచ్చినా భీమవరం మీదుగానే రమ్మన్నాడు. మా మీద ఎంత శ్రద్ధో అనుకున్నాను.

కారు బ్రేకు తొక్కితే కీచుమనేది. పాత కారు కదా అని సరిపెట్టుకున్నాం. గూడెంలో మెకానిక్ చక్రాలు ఊడదీసి చూశాడు. ముందు చక్రాలకి బ్రేకు ప్యాడ్లు మార్చాడు. వెనక డ్రమ్ములు విప్పి తుప్పు గీకాడు. చెరువు గట్ల మీద తిరిగిన బండి, ఉప్పునీళ్ళు పట్టేసి ఉంటాయన్నాడు. నాలుగు రోజులు బాగుండేది... మళ్ళీ మొదలు. చివరికి అతనే విసిగిపోయాడు. పగలు ఈ రొదలో తెలియదు, చీకటిపడ్డాక సద్దుమణిగిన రోడ్డు మీద ఒకరు నడుపుతుంటే ఒకరు వెనక కూర్చుని, ఏ చక్రమో చెవి పెట్టి వినండి అని చెప్పి పంపాడు.

మొన్న మాఘమాసంలో పిల్లల్ని ఇంటి దగ్గర ఉంచి మేమిద్దరం కలిదిండి వెళ్ళాం. తిరిగి వచ్చేటప్పుడు ఏలూరు ఆసుపత్రిలో ఉన్న మా ఆడపడుచుని చూడాలి. అంటే కైకలూరు మీదుగా, కొల్లేరు దాటి వెళ్ళాలి. మా వారికి చీకటిపడితే కళ్ళు సరిగ్గా ఆనవు. ఏలూరు దాకా శీనుని నడపమన్నాను, ఆ చప్పుడు సంగతి కూడా తేలిపోతుందన్నాను. వాడు పని ఉందన్నాడు. తలనొప్పన్నాడు. రేపు వెళ్ళమన్నాడు. అక్క కోసం ఆ మాత్రం రాలేవా అని నేను నిష్ఠూరమాడితే, తాళాలు తీసుకున్నాడు.

వాడు నడుపుతున్నాడు. పక్కన మా వారు. వెనక సీట్లో అద్దం దించుకుని నేనొక్కదాన్నే.

కైకలూరు దాటాక ఇళ్ళు తగ్గిపోయాయి. రెండు పక్కలా నీళ్ళు... నీచువాసన... ఎక్కడో దూరంగా చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడు. శీను బ్రేకు తొక్కాడు. కీచు. కుడిపక్కకి జరిగి విన్నాను. కాదు. ఎడమపక్కకి జరిగాను. దొరికింది. "ఎడమ వెనక చక్రమేనండీ" అన్నాను మా వారితో. ఏదో ఘనకార్యం చేసినట్టు నవ్వాను కూడా.

కాసేపటికి ఏరేటర్ల చప్పుడు వినిపించడం మానేసింది. కీచు... ఆగి... కీచు... అది బ్రేకు మోతలా లేదు. ఎవరో ఊపిరి ఎగబీలుస్తున్నట్టు ఉంది. లోపలికి... బయటికి...

"శీనూ, ఊరికే బ్రేకెందుకు తొక్కుతున్నావు?" అన్నారు మా వారు.

"తొక్కట్లేదండి బావగారూ."

ముందుకి వంగి చూశాను. వాడు రెండు కాళ్ళూ వెనక్కి ముడుచుకుని కూర్చున్నాడు. కారు తనంతట తనే నెమ్మదించింది... ఇంకా నెమ్మదించింది... ఒక తూము దగ్గర ఆగింది. ఇంజను కూడా ఆగిపోయింది. చక్రం తిరగడం లేదు.

ఆ చప్పుడు మాత్రం ఆగలేదు.

కీచు... నా సీటు కింద. కీచు... ఇంకొంచెం పైకి. నా మోచేతి దగ్గరికి, తలుపులోకి వచ్చేసింది. తర్వాత... టక్. బయటి నుంచి తలుపు పిడి ఎవరో లాగారు. బయట తుంగ, నీళ్ళు తప్ప ఏమీ లేవు. అద్దం దించి ఉందని అప్పుడు గుర్తొచ్చింది. ఎత్తడానికి చెయ్యి రాలేదు. మళ్ళీ... టక్. తొందరేం లేదు. రోజూ ఎక్కే బండి ఎక్కుతున్నట్టు.

శీను తల తిప్పలేదు. రోడ్డు వైపే చూస్తూ, చిన్న గొంతుతో అన్నాడు.

"ఇవాళ వద్దు. మా అక్క ఉంది."

చప్పుడు ఆగిపోయింది. వాడు తాళం తిప్పాడు, కారు కదిలింది. ఏలూరు చేరేదాకా బ్రేకు ఒక్కసారి కూడా కీచుమనలేదు.

ఆసుపత్రి ముందు మా వారు దిగి లోపలికి వెళ్ళారు. నేను శీను చెయ్యి పట్టుకున్నాను.

"ఎవరితోరా ఆ మాటన్నావు?"

"నాకూ తెలీదక్కా. ఎప్పుడూ వెనక్కి తిరిగి చూళ్ళేదు. ఆ తూము దగ్గర ఎక్కుద్ది. మన ఊరొచ్చాక దిగిపోద్ది."

"తెలిసే నాకిచ్చావా?"

వాడు నేల చూస్తూ చెప్పాడు.

"అమ్మితే కొన్నోళ్ళు తిరిగి తెచ్చేశారక్కా. ఆడపడుచుకి పసుపు కుంకుమ కింద ఇచ్చేస్తే ఇంక అది మన గుమ్మం తొక్కదని పెద్దోళ్ళన్నారు. నా పిల్లలు చిన్నోళ్ళు గదా..."

నాకూ పిల్లలున్నారు కదరా... ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. వాడు బస్టాండు వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

రాత్రికి ఆసుపత్రిలోనే ఉండి, తెల్లారాక మా వారు నడుపుతుంటే గూడెం చేరాం. మెకానిక్ మళ్ళీ విప్పాడు. హ్యాండ్ బ్రేకు కేబులు తుప్పుపట్టి దానంతటదే బిగుసుకుంటోందన్నాడు, కొత్తది వేశాడు. తలుపు తాళంలో స్ప్రింగు కూడా పోయిందన్నాడు. అయ్యుండొచ్చు. ఆగిన చక్రం ఎలా అరుస్తుందయ్యా అని అడిగితే మాత్రం నవ్వి ఊరుకున్నాడు. మా వారు ఆ తూము మాట ఎత్తనివ్వరు.

కారు ఇంటి ముందు గుడ్డ కప్పుకుని ఉంది. వెనక్కివ్వడానికి లేదు. ఎవరికైనా అమ్ముదామంటే, ఆ ఇంట్లోనూ పిల్లలుంటారు.

శీను వారానికోసారైనా రాత్రిపూట ఫోన్ చేస్తాడు. కారు సంగతి అడగడు. "పిల్లలు బాగున్నారా అక్కా?" అంటాడు. ఇదివరకు అది ప్రేమే అనుకునేదాన్ని. ఇప్పుడు జవాబు చెప్పేముందు లోపలి గదిలోకి వెళ్ళి, నిద్రపోతున్న పిల్లలిద్దరినీ ఒకసారి చూసుకుని వస్తున్నాను. అంతసేపూ అవతల వాడు ఫోన్ పెట్టకుండా... ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తుంటాడు.