ఇల్లు దాటి వెళ్లిన ప్రయాణికుడు

తొంభైల్లో ఒక డిసెంబరు ఉదయం. బేగంపేటలో పొగమంచు వల్ల దిగలేక, బొంబాయి నుంచి వస్తున్న మా విమానం వెనక్కి తిరిగి మహారాష్ట్రలోనే మరో ఊళ్లో దిగింది. విమాన సంస్థవాళ్లు చేతికి వడాపావ్ పొట్లాలిచ్చి మమ్మల్ని బస్సెక్కించారు. తోడుగా ఒక ఉద్యోగిని పంపారు. దారి పొడుగునా అతను మా అందరి చేతా తిట్లు తిన్నాడు.

నా పక్క సీట్లో మల్లయ్య. కందిలో వ్యవసాయం, పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఫిట్టర్ పని. విమానమెక్కడం అదే మొదటిసారి. సాయంత్రం బస్సు సంగారెడ్డి దాటగానే ఆ ఉద్యోగి వచ్చి, "కంది మీ ఊరే కదండీ, అక్కడ ఆపించమంటారా?" అని అడిగాడు.

"వద్దు సార్. మావోళ్లు వ్యాను మాట్లాడుకొని పొద్దుగాలనే ఏర్‌పోర్టుకు వొయిండ్రు. నేను రానిది కదలరు. ఇమానం దిగేటోన్ని సూడాలని వాళ్ల ఆశ. బస్సు దిగినోన్ని ఏం సూస్తరు?"

ఊరు దాటేదాకా, ఎవరి కంటా పడకుండా కిటికీ కిందికి వంగి కూర్చున్నాడు.

బేగంపేటలో అతని వాళ్లు పూలదండలతో ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డారు. ఉద్యోగి మల్లయ్యను పక్క గేటు గుండా లోపలికి తీసుకెళ్లాడు. కాసేపటికి మల్లయ్య, విమానం దిగినవాళ్లు వచ్చే తలుపులోంచి పెట్టె పట్టుకుని మెల్లగా నడిచొచ్చాడు.

పొద్దున్నుంచి తిట్టిన మేమంతా అక్కడే ఉన్నాం. బస్సు మాట ఎవరమూ ఎత్తలేదు.