కంచాలెత్తాకే బెల్లం

ఈ రోజు బెల్లం డబ్బాలోకి సర్దుతుంటే ఆ వాసనకు ధర్మవరంలోని మా అవ్వ గుర్తొచ్చింది. "ముందు కంచాలెత్తండి, ఆమైన బెల్లం!" అనేది. మీ ఇళ్లలోనూ అంతేనా?

ఆరో తరగతిలో నాకో సందేహం. ఇంగ్లీషులో ఎడారికీ (desert), భోజనం చివర తినే తీపికీ (dessert) ఒక్క అక్షరమే తేడా ఎందుకు? టీచర్ని అడిగితే "బట్టీ పట్టు, చాలు" అని అందరిముందూ కసిరారు. ఏడుస్తూ ఇంటికొస్తే అవ్వ నవ్వింది.

"మాటకూ పుట్టిల్లు ఉంటాది పాపా. యాడుందో నువ్వే ఎతుక్కో."

ఇన్నేళ్లకు ఇవాళ ఆ పుట్టిల్లు వెతికాను. ఎడారి మాట లాటిన్‌లో 'విడిచిపెట్టడం' నుంచి వచ్చిందట. తీపి మాట మాత్రం ఫ్రెంచివాళ్లది. భోజనమయ్యాక బల్లమీది గిన్నెలన్నీ ఎత్తేయడమని దాని అర్థం. ఆ తర్వాతే తీపి!

మధ్యాహ్నం భోజనాలయ్యాక మావారు బెల్లం డబ్బా అందుకోబోయారు.

"ముందు కంచమెత్తండి" అన్నాను.