రెండో లాటు

తమ్ముడు పోయిన ఐదో నెలలో వాళ్ళ బ్యాండ్ గిటారిస్టు ఫోన్ చేశాడు. ఆల్బం పూర్తయిందని, ఒక్క పాట దగ్గర ఆగిపోయామని చెప్పాడు. అది చివరి పాట. తమ్ముడు డ్రమ్స్ వాయించి వెళ్ళింది ఆ ఒక్క పాటకే. మిగతావన్నీ కొత్త డ్రమ్మరు వాయించాడు. ఈ పాట కూడా అతనితో వాయింపించి చూశామని, అదే బాగుందనిపిస్తోందని, నన్ను అడగకుండా మార్చలేకపోతున్నామని అన్నాడు.

నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. మెటల్ సంగీతం గురించి నాకు తెలిసిందంతా గోడ అవతలి నుంచి విన్నదే. పర్చూరు దగ్గర మా ఊరి చర్చిలో డ్రమ్స్ నేర్చుకున్న తమ్ముడు గుంటూరులో నా దగ్గరే ఉంటూ ఎనిమిదేళ్ళు పక్కగదిలో దిండ్ల మీద వాయించాడు. వాడి చెయ్యి నాకు తెలుసనుకునేదాన్ని.

"మీ అభిమానుల్ని పిలిచి రెండూ వినిపించండి," అన్నాను. "ఏది ఎవరిదో చెప్పొద్దు. నేనూ వస్తాను. మా వాడిది నేను పోల్చుకోలేకపోతే మీ ఇష్టం వచ్చింది పెట్టుకోండి."

"మాట మీద ఉంటారా అక్కా?"

"ఉంటాను."

ఆదివారం మధ్యాహ్నం మిర్చి యార్డు దగ్గర, ఒక కమీషన్ కొట్టు మేడ మీద గదిలో కలిశాం. ఆ కొట్టు గుమస్తా వీళ్ళ అభిమాని, తాళం అతనే తెచ్చాడు. కింద మిరప బస్తాలు. ఎప్పుడూ ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉన్నారు. పదిమంది దాకా వచ్చారు. ఇంజనీరింగ్ చదివేవాళ్ళు, ఒక బైక్ మెకానిక్, ట్యూషన్లు చెప్పే ఒక మాస్టారు. నేనెవరో వాళ్ళందరికీ తెలుసు, సమాధి దగ్గర చూశారు. కొత్త డ్రమ్మరు గోడకి ఆనుకొని కూర్చున్నాడు. ముప్పై దాటిన మనిషి. నేను పలకరించలేదు. తమ్ముడి చోటికి వచ్చిన మనిషిని పలకరించేంత మంచితనం నాలో అప్పుడు లేదు.

ఆల్బం ఒక మనిషి జీవితాన్ని వెనక నుంచి చెబుతుంది. సమాధితో మొదలై పుట్టుకతో ముగుస్తుంది. ఆరు పాటలు. నాకంత గొప్ప ఆలోచన అనిపించలేదు. ఆ మాట నేను చెప్పాల్సిన పని కూడా లేకపోయింది.

"కాన్సెప్ట్ అంట, కాన్సెప్ట్," అన్నాడు మెకానిక్, ఐదు పాటలు విన్నాక. "చచ్చినోడు పుట్టడానికి గంట పట్టిద్దా? మా అమ్మకి నన్ను కనడానిక్కూడా అంతసేపు పట్టలా."

"అందుకేరా నువ్విట్టా సగం సగం తయారయ్యావ్," అన్నాడు గుమస్తా. "నాలుగో పాటలో ఆ ఏడు దెబ్బల తాళం అసలు అర్థమైందా నీకు?"

"ఎందుకు కాలా? మా నాయనమ్మ మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగేటప్పుడు అదే తాళం."

మాస్టారికి కోపం వచ్చింది. "ఒరేయ్, ఇంత సాహసం మన భాషలో ఎవడు చేశాడ్రా?"

"సాహసం చేసినోళ్ళది కాదు మాస్టారూ, కదలకుండా కూర్చుని విన్నోళ్ళది."

గిటారిస్టు అన్నిటికీ నవ్వి ఊరుకున్నాడు. తర్వాత చివరి పాట సంగతి చెప్పాడు. ఒకటి తమ్ముడిది, ఇంకోటి కొత్త డ్రమ్మరిది, మీరే తేల్చాలి అన్నాడు.

"అయితే యార్డులో రాశుల్లాగా లాట్ల లెక్కన పెట్టు," అన్నాడు గుమస్తా. "పేర్లొద్దు. మొదటి లాటు, రెండో లాటు."

నాన్న కౌలుకి మిరప వేసే రోజుల్లో ఆయన వెంట యార్డుకి వెళ్ళాను. కొనేవాడు రాశిలోంచి పిడికెడు కాయలు తీసి, విరిచి, రైతు ఎదుటే నోటికొచ్చిన వంకలు పెడతాడు. నెమ్ముందంటాడు, రంగు మారిన తాలు కాయలు ఎక్కువంటాడు. రైతు మాట్లాడకూడదు. నాన్న కండువా తీసి మళ్ళీ వేసుకునేవాడు, అంతే.

మొదటి లాటు వినిపించారు. పన్నెండు నిమిషాలు. నాలుగో నిమిషంలో సింబల్ అనే కంచు పళ్ళెం మీద కాస్త ఆలస్యంగా పడే ఒక దెబ్బ ఉంది. పక్కగదిలోంచి ఎన్నో ఏళ్ళు విన్నదే. మెకానిక్ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇది అన్నదే. ఇంకెవడి వల్లా కాదు."

రెండో లాటు మొదట్లో బాగానే నడిచింది. తొమ్మిదో నిమిషంలో కుడికాలితో కొట్టే పెద్ద డ్రమ్ము వెనకబడింది. రెండుచోట్ల దెబ్బే పడలేదు. పాట పూర్తికాకముందే నవ్వులు మొదలయ్యాయి.

"ఏందిరా ఇది, కాళ్ళకి సిమెంటు బస్తా కట్టుకుని వాయించాడా?"

"శవాన్ని కూర్చోబెట్టి వాయించినట్టుంది," అన్నాడు మెకానిక్.

"మొదటి పాటలో పూడ్చారుగా, వాడే లేచొచ్చాడేమో!"

"నిండా తాలు," అన్నాడు గుమస్తా. "యార్డులో అయితే బండి మీంచి దించనిచ్చేవాళ్ళం కాదు."

అందరూ కొత్త డ్రమ్మరు వైపు చూస్తూ అంటున్నారు. నన్ను చూసి మరీ అంటున్నారు, నా తరఫున. నాకు బాగుంది. ఐదు నెలల్లో అంత బాగున్న పూట లేదు.

"మీరేమంటారక్కా?" అని గిటారిస్టు అడిగాడు.

నేను కొత్త డ్రమ్మరు ముఖంలోకే చూశాను. "మొదటిది మా తమ్ముడిది. ఆ రెండోది వాయించిన మనిషికి చేతనైన పని వేరే ఏదో ఉండే ఉంటుంది. అది చూసుకోమనండి."

చప్పట్లు కొట్టారు. అతను తల వంచుకున్నాడు. సిగ్గుపడ్డాడనుకొని సంతోషించాను.

గిటారిస్టు నవ్వులు ఆగేదాకా ఆగాడు. "రెండోది వాడిదక్కా."

"జోకులెయ్యొద్దన్నా," అన్నాడు మెకానిక్.

"ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి వాయించాడు. ఒక్కసారే వాయించగలిగాడు."

తమ్ముడికి కిడ్నీలు పోయాయి. చివరి ఆరు నెలలు కాళ్ళు వాచేవి, కుడికాలు ఎక్కువ. రోజూ సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి ఆ కాలు నా ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా నిమిరేదాన్ని. వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపు అలాగే ఉండేది. తొమ్మిదో నిమిషంలో వినిపించింది ఆ కాలే.

కొత్త డ్రమ్మరు అప్పుడు మాట్లాడాడు. "అన్న పాత వీడియోలు చూసి నేర్చుకున్నానక్కా. ఆ సింబల్ దెబ్బ కూడా అన్నదే."

మెకానిక్ గిటారిస్టు వైపు తిరిగాడు. "అయితే రెండోదే పెట్టాలన్నా. ఇప్పుడు ఆలోచిస్తే అందులో ఫీల్ ఉంది."

"అవును, బాధ తెలుస్తోంది. ఇంకోసారి వెయ్యండి," అన్నాడు మాస్టారు.

గిటారిస్టు వెయ్యలేదు. "మాట సంగతి వదిలెయ్యండక్కా. మీరు ఏదంటే అదే పెడతాం."

రెండోది ఉంచమంటే ఉంచేవాళ్ళు. తమ్ముడు చేసిన పనిలో మిగిలింది అదొక్కటే. "ఇచ్చిన మాట ఇచ్చిందే. మొదటిదే పెట్టండి," అన్నాను. అందులో నిజాయితీ కంటే కోపం ఎక్కువ. ఎవరి మీద కోపమో వాళ్ళకేమీ కాలేదు. పోయింది తమ్ముడి పాట.

ఆల్బం మొదటిదానితోనే వచ్చింది. వారం తిరక్కుండా మెకానిక్ ఫేస్‌బుక్‌లో పెద్ద పోస్టు పెట్టాడు. అన్న చివరి పాటను కొత్తవాడు తొక్కేశాడని, ఈ డ్రమ్స్‌లో ప్రాణం లేదని రాశాడు. కింద గుమస్తా, మాస్టారు, ఊరూ పేరూ తెలియనివాళ్ళు కొత్త డ్రమ్మరును తిట్టారు. మెకానిక్ ఆ పోస్టు నాకు పంపి, "అక్కా, అన్నకి న్యాయం జరగాలి" అన్నాడు.

కొత్త డ్రమ్మరు ఒకసారి ఫోన్ చేశాడు. "మా ఇంట్లోవాళ్ళని కూడా తిడుతున్నారక్కా. నిర్ణయం మీదేనని ఒక్క ముక్క రాస్తే ఆపుతారు."

రాస్తానన్నాను. రాయాలంటే ఆ మేడ మీద నేనన్న మాట కూడా రాయాలి. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూ ఉండగా రెండు నెలలు గడిచాయి. అతను మళ్ళీ అడగలేదు.

బ్యాండ్ మానేశాడని గిటారిస్టు చెప్పాడు. చిలకలూరిపేట వైపు ఒక నూలు మిల్లులో ఫిట్టరుగా చేరాడట.