తట్టుగుర్రం పన్ను, మావారి అక్కలకర్ర

గోదావరి కాలువలు తవ్వుతున్న రోజులవి. మావారు వైద్యులు. కాలు కాస్త ఈడుస్తారు గనక కొత్తపేట చుట్టుపక్కల రోగుల్ని చూడటానికి తట్టుగుర్రం మీదే వెళ్ళేవారు. ఆ తట్టు మా ఇంటికి పేరుతో సహా వచ్చింది. ఖర్మ చూడండి, అది అచ్చంగా కాలం చేసిన మా మామగారి పేరే! మారుద్దామంటే కొత్త పేరుకు పలకదు. ఎంత చిందులేస్తున్నా మావారు ఆ పేరు పెట్టి పిలిస్తే నిలబడిపోయేది. మా అత్తగారూ నేనూ మాత్రం ఆరేళ్ళపాటు "ఓయ్", "ఇదిగో" అంటూ గడిపాం. మొగుడి పేరు, మామగారి పేరు ఆడవాళ్ళు నోటితో పలకడమా, రామరామ!

ఒకసారి దాని పన్ను పుచ్చి నాలుగు రోజులు గడ్డి ముట్టలేదు. నాకూ అన్నం సయించలేదు. రామచంద్రపురం నుంచి నాడాలు కొట్టే సాయిబుగారిని పిలిపించాం. పై పెదవికి తాడు మెలివేసి పట్టుకుంటే గుర్రం కదలదన్నారాయన. మావారికి రోషం వచ్చింది.

"అంత హింసెందుకండీ? అక్కలకర్ర పట్టిస్తే చిగుళ్ళు మొద్దుబారిపోవూ! పన్ను ఊడినట్టు దానికే తెలీదు" అన్నారు.

రోట్లో నూరితే సారం పోతుందట. ఆ అక్కలకర్ర వేళ్ళు గుప్పెడు తామే నమిలి, ముద్ద చేసి పట్టించారు. నేను నూరి ఇస్తానంటే వింటేనా!

సాయిబుగారు పటకారుతో చెయ్యి దాని నోట్లోకి పోనిచ్చారు. పన్ను కదిలిందో లేదో, తట్టు తల ఎగరేసింది. మొద్దుబారింది దాని చిగుళ్ళు కాదు.

"అయ్యగారూ, పేరెట్టి పిలవండి! నా చెయ్యి పోయేలా ఉందండీ!"

మావారు నోరు తెరిచారు. చొంగ కారింది తప్ప మాట రాలేదు. ఊరందరికీ మందిచ్చే మహానుభావుడు! నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"అమ్మగారూ, మీరైనా పిలవండమ్మా!"

అరుగు మీద అత్తగారు కూర్చునే ఉన్నారు. కళ్ళు గట్టిగా మూసుకుని, ఆ పేరు వీధంతా వినబడేలా అరిచాను. తట్టు చెవులు నిక్కించి నిలబడిపోయింది. పన్ను బయటికొచ్చింది, సాయిబుగారి చెయ్యీ బయటికొచ్చింది.

కాసేపటికి తట్టు గడ్డి కొరికింది. అరుగు దగ్గరికి వెళ్ళి, "తప్పయిపోయిందండీ అత్తయ్యగారూ" అన్నాను.

ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకున్నారు.

"ఆ పేరు నేనెన్నడూ నోరారా అనలేదే అమ్మాయ్. ఇంకొక్కసారి పిలవ్వూ" అన్నారు.