నల్ల బండికి ఆనించిన చెంప

చలికాలం శుక్రవారాల్లో దోహా రోడ్ల మీద ఒక నల్లటి పాత అమెరికా బండి తిరుగుతుంటుంది. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, లోపల ఎనిమిది సిలిండర్ల ఇంజను. సిగ్నల్ దగ్గర ఆగితే పక్క బండ్లలోని పిల్లలు అద్దాలు దించి ఫోన్లు బయటికి పెడతారు. ఆ బండిని కట్టింది నేను. ఒక్కడినే. తుప్పు కుప్పగా వచ్చినదాన్ని ఇంజను దించి, వేరే ఇంజను ఎక్కించి, వైర్లు లాగి, రేకు మలిచి, రంగు కొట్టి, ఈ రెండు చేతులతో రోడ్డు మీదికి నెట్టాను. మా ఊళ్లో ఈ సంగతి అందరికీ తెలుసు. దుబాయ్‌లో షేకుల బండ్లు తయారు చేసేది మనోడే అని చెప్పుకుంటారు. నేనుండేది దుబాయ్‌లో కాదు, ఖతార్‌లో అని ముప్పై ఏళ్ల నుంచి చెబుతున్నాను. అది మాత్రం ఎవరూ నమ్మరు.

ఇక గొప్పలు కొంచెం తగ్గిస్తాను. ఇంజను ఎక్కించింది ఒక లెబనాన్ మెకానిక్. నేను పక్కన నిలబడి గొలుసు పట్టుకున్నాను. వైర్ల పని ఫిలిప్పీన్స్ అతను చేశాడు. రంగు మా పెయింటర్ కొట్టాడు. నేను డెంటర్‌ని. సొట్టలు తీయడం, రేకు కోసి అతకడం, పుట్టీ పెట్టి గరుకు కాగితంతో గీకి సాపు చేయడం నా పని. అంటే బండి మీది చర్మం నాది. అంతవరకు నిజం.

పెయింటర్‌ది కాకినాడ దగ్గర ఏదో ఊరు. నన్ను బాబాయ్ అంటాడు. నేను వాణ్ణి తమ్మీ అంటాను. పదకొండేళ్లుగా ఒకే గదిలో ఉంటున్నాం, ఈ వరస ఎట్లా కుదిరిందో ఇద్దరం ఎప్పుడూ లెక్క చూసుకోలేదు. గ్యారేజీ ఉన్నది సనయ్యలో. సనయ్య అంటే ఊరి చివర షెడ్ల పేట; మా గది కూడా అక్కడే.

బండి యజమాని మదీనత్ ఖలీఫాలో ఉండే పెద్దాయన, అక్కడి మనిషే. అర్బాబ్, అంటే దొర, అని పిలిచేవాళ్లం. బండి వాళ్ల నాన్నది. నాన్న పోయాక విల్లా వెనక టార్పాలిన్ కింద ఏళ్ల తరబడి నిలబడిపోయింది. సముద్రపు గాలికి అడుగు రేకు అప్పడంలా విరిగిపోతోంది. బయటి రూపం నాన్న నడిపినప్పటిలాగే ఉండాలన్నాడు. లోపల మాత్రం అంతా కొత్తది కావాలన్నాడు. కొత్త ఇంజను, కొత్త బ్రేకులు, జూలై ఎండలో కూడా వణికించే ఏసీ. వెనక వెడల్పు టైర్లు పట్టేలా చక్రాల మీది రేకు రెండంగుళాలు బయటికి రావాలి. తలుపుల పిడులు తీసేసి, ఆ గుంటలు ఆనవాలు లేకుండా పూడ్చాలి. బటన్ నొక్కితే తెరుచుకోవాలి. రంగు నలుపు.

నలుపు అనగానే పెయింటర్ తల పట్టుకున్నాడు.

"చచ్చాం బాబాయ్. తెలుపైతే ఒంట్లో ఎన్ని వంకరలున్నా కడుపులో దాచుకుంటుంది. నలుపు అలాక్కాదు. ఎవడొచ్చినా పిలిచి మరీ చాడీలు చెబుతుంది."

"నా చేతి కిందికెల్లి పోయిన రేకుల వంకర ఏడుంటదిరా?"

"ఆ, ఉండదులే. చూద్దాం."

రేకు సాపుగా ఉందో లేదో కళ్లకు తెలియదు. పుట్టీ గీకిన తర్వాత పైన బూడిద రంగు ప్రైమరు కొడతారు. దానికి మెరుపు ఉండదు కనుక ఎంత దగ్గరగా చూసినా రేకులోని ఎగుడుదిగుడు అల కనబడదు. నల్లరంగు పడి మెరిశాక బయటపడుతుంది. అప్పుడు చేసేదేమీ ఉండదు. అందుకని డెంటరు పల్చటి బనీను గుడ్డ అరచేతి కింద పెట్టుకుని, కళ్లు మూసుకుని, రేకు మీద పొడుగునా రాస్తాడు. కాగితం మందం గుంట ఉన్నా చెయ్యి చెబుతుంది. డెంటరు జీతం సుత్తికి కాదు, ఆ అరచేతికి.

ఆ ఏడు నాకు అరవై దాటింది. వీసా కొత్తగా రాయాల్సిన ఏడు కూడా అదే. మా ఫోర్‌మన్ మలయాళీ, హిందీలో మాట్లాడతాడు, ఒక్క మాట ఎక్కువ ఉండదు. నన్ను పిలిచి, ఈ బండి అర్బాబ్‌కు నచ్చితే ఇంకో రెండేళ్లకు రాయిస్తానన్నాడు. నచ్చకపోతే ఇంటికి టికెట్. "యల్లా, పనిచూడు," అన్నాడు.

అప్పటికే నా చేతివేళ్లు చచ్చిపోయి ఉన్నాయి.

ఇది ఎవరికీ చెప్పని సంగతి. ముప్పై ఏళ్లు గ్రైండరు పట్టుకుంటే దాని వణుకు ఎముకల్లోకి దిగుతుంది. మొదట చలికాలం పొద్దున వేళ్ల కొసలు సున్నంలా తెల్లబడేవి. తర్వాత చీమలు పాకేవి. తర్వాత చీమలు కూడా పోయాయి. చొక్కా గుండీలు పట్టుబడక టీషర్టులకు మారాను. ఇప్పుడిదే ఫ్యాషన్ అని చెప్పాను. పొగలు కక్కే కరక్ చాయ్ కప్పు అందరూ అంచు పట్టుకుంటుంటే నేను గుప్పిట్లో పట్టుకునేవాణ్ణి. వాళ్లు చూసి "అబ్బో" అంటే, పాత కాలం తోలు అనేవాణ్ణి.

వేళ్లతో మొదలైంది అక్కడే ఆగిందో లేదో తెలియదు. ఒకరోజు నా భార్య ఫోన్ చేసింది. బర్రె ఈనిందని చెప్పింది. ఆ వెంటనే, "మీ అన్న పోయిండు, తెల్లారంగనే," అంది.

"ఆడ దూడనా, మగ దూడనా?" అని అడిగాను.

"ఆడదే," అని పెట్టేసింది.

నేను మెస్‌కు వెళ్లి అన్నం తిన్నాను. పప్పులో ఉప్పు ఎక్కువైందని వంటవాడితో తగువు కూడా పెట్టుకున్నాను. ఆ రోజు గురించి నాకు బాగా గుర్తున్నది ఆ ఉప్పే.

బండి తలుపుల దగ్గరికి వచ్చేసరికి నా గుట్టు బయటపడే పరిస్థితి వచ్చింది. పిడులు తీసేసిన గుంటల్లో రేకు ముక్క పెట్టి అతికాను, పుట్టీ పెట్టాను, గీకాను. చెయ్యి రాశాను. ఏమీ లేదు. గుంట లేదని కాదు. చేతికింద తలుపే లేదు. గుడ్డ తీసి రాశాను, ఎడమ చెయ్యి మార్చాను. రెండూ ఒకటే. ఫోర్‌మన్ అటువైపు వస్తుంటే కళ్లు మూసుకుని తల ఊపాను, అంతా బాగుందన్నట్టు.

అతను పోయాక అలసటతో తలుపు మీదికి ఒరిగాను. చెంప రేకుకు ఆనింది. చల్లగా ఉంది. లేవబోతూ చెంప కొంచెం జారితే, పాత రూపాయి బిళ్లంత గుంట తగిలింది. స్పష్టంగా తగిలింది. గ్రైండరు ముట్టుకోని చర్మం నాకు మొహం మీదే మిగిలిందని అప్పుడు తెలిసింది.

అప్పటినుంచి తలుపుల పని మొత్తం, ప్రైమరు పడ్డాక కూడా, చెంపతోనే చేశాను. మోకాళ్ల మీద కూర్చుని, చెంప ఆనించి, ఈ కొసనుంచి ఆ కొసకు పిల్లిలా జరిగేవాణ్ణి. చూసినవాళ్లు నవ్వారు.

"ఏంటి బాబాయ్, ముద్దులా?" అన్నాడు పెయింటర్.

"బండి మాట్లాడతది రా. ఇనేటోళ్లకు ఇనబడతది."

"ఏమంటోంది?"

"పెయింటరును జాగ్రత్తగా ఉండుమంటది."

వాడు నవ్వలేదు. నా మొహం వైపు, తలుపు వైపు చూసి వెళ్లిపోయాడు.

ఒకరోజు పొద్దున్నే అర్బాబ్ వచ్చి నన్ను ఆ భంగిమలో చూశాడు. ఏం చేస్తున్నావన్నాడు. ఆయనకు వచ్చిన హిందీలో "గాడీ బోల్తా హై" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన తలమీది గుడ్డ వెనక్కి వేసుకుని, కష్టంగా వంగి, ముందు చక్రం పైన రేకుకు తన చెంప ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. నేను లేచి నిలబడ్డాను, ఏం చేయాలో తోచక.

"మాఫీ కలామ్," అన్నాడు చివరికి. మాట లేదు అని.

"నాతోనే మాట్లాడుతుంది అర్బాబ్," అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ అప్పుడు సిగ్గు కూడా వేయలేదు.

బండి అప్పగించే రోజు షెడ్డులో ట్యూబులైట్లన్నీ వేశారు. నల్లబండిని పరీక్షించే పద్ధతి అదే. తలుపు పక్కన నిలబడి చూస్తే పైన ట్యూబులైటు గీత తలుపులో కనబడుతుంది. మనిషి నడుస్తుంటే ఆ గీత కూడా నడుస్తుంది. రేకు సాపుగా ఉంటే దారం లాగినట్టు పోతుంది. ఎక్కడ అల ఉంటే అక్కడ వానపాములా మెలి తిరుగుతుంది. అర్బాబ్ ముందునుంచి వెనక్కి మెల్లగా నడిచాడు. కుడి తలుపు అయింది. చుట్టూ తిరిగి ఎడమ తలుపు వైపు వచ్చాడు. ఫోర్‌మన్ గీతను చూడలేదు, నన్నే చూస్తున్నాడు. గీత దారంలాగే పోయింది.

ఇంజను స్టార్ట్ చేశారు. షెడ్డు రేకులన్నీ అదిరాయి. అందరూ చప్పట్లు కొట్టారు. లెబనాన్ మెకానిక్ అయితే ఏడ్చేశాడు. నేను రెండు చేతులూ బండి మీద పెట్టాను. అంత పెద్ద బండి అంతలా వణుకుతుంటే ఆ వణుకు నా చేతులదాకా రాలేదు. టీవీలో చూస్తున్నట్టుంది. ఫోర్‌మన్ వచ్చి భుజం తట్టి, రెండేళ్లకు కాగితం పంపుతానన్నాడు. సరే అన్నాను. చాయ్ తాగడానికి వెళ్లాను.

ఆ రెండేళ్లలో ఒకటి గడిచింది. ఇప్పుడు నాకు అతుకుల పనే ఎక్కువ ఇస్తున్నారు, గీకే పని వేరేవాళ్లకు పోతోంది. ఎందుకని నేను అడగలేదు.

ఈ మధ్య అల్ హిలాల్‌లో ఒక తెలుగు ఇంజనీరుగారి బండి బంపరు సరిచేయడానికి ఇంటికి వెళ్తే భోజనం పెట్టారు. తింటూ ఈ చెంప కథ చెప్పాను. ఇల్లాలు వడ్డించడం ఆపి విన్నారు. "ఇది రాయండి, మీకే ఇలాంటివి తెలుసు," అన్నారాయన. అందుకే రాశాను. ఒక్కడినే కట్టానని మొదలుపెట్టి, చేతులు చచ్చినా చెంపతో తలుపులు నిలబెట్టి ఉద్యోగం దక్కించుకున్నానని ముగించాను. నిన్న శుక్రవారం, గదిలో పెయింటర్ బెండకాయలు తరుగుతుంటే చదివి వినిపించాను. వాడు మధ్యలో ఒక్కసారీ తలెత్తలేదు.

"అయిందా?" అన్నాడు.

"అయింది. ఎట్లుంది?"

"ఇంజను మాట ఒప్పుకున్నావు, వైర్లు ఒప్పుకున్నావు. చెంప దగ్గరికొచ్చి ఆగిపోయావేంటి బాబాయ్?"

"చెంప నిజమే గద రా."

"చెంప నిజమే. దాని జిడ్డు కూడా నిజమే. నువ్వు మొహం రాసిన చోటల్లా ప్రైమరుకి చెమటా, జిడ్డూ. ఎంత తుడిచినా పోలేదు. మొదటి కోటు కొట్టగానే రంగు చేప కళ్లలా గుంటలు గుంటలుగా విడిపోయింది. పైగా నీ తెల్లగడ్డం గీతలు. నువ్వు భోంచేసి కునుకు తీసేవాడివి చూడు, ఆ టైములో రేకు దాకా గీకేసి, పుట్టీ దగ్గర్నించి మళ్లీ చేశాను."

"నాకెందుకు జెప్పలే?"

"చెబితే గొడవై ఫోర్‌మన్ దాకా పోతుంది. నిన్ను ఎక్కిస్తారు విమానం."

"నా కోసమే జేసినవన్నమాట," అన్నాను, గొంతు కాస్త మెత్తగా పెట్టి.

"నీ కోసమేంటి! నీ తర్వాత గదిలోకి వచ్చేవాడు గురక పెట్టేవాడైతే? అయినా రంగు నాది. గీత మెలి తిరిగితే అర్బాబ్ నన్ను అంటాడు గానీ నిన్నంటాడా?" కత్తి పక్కన పెట్టి నా చేతిలోని కాగితాల వైపు చూశాడు. "వెనక చక్రాల మీద అతుకులు నీవి, అవి బాగా చేశావు. తలుపులు నావి. రెండూ. అలా రాయి."